కెర్నెల్ మార్చిన తరువాత లాగిన్ ఎందుకు విఫలమవుతుంది?

కిందటి విద్యాసంవత్సరం చివరి దినాలలో మా కంప్యూటర్ గదిలో ఒక చిక్కు వచ్చిపడింది. అక్కడి యంత్రాలలో అన్నిటికంటె పాతదైన ఒకదానిలో లినక్స్ నడుస్తున్నది. విద్యార్థుల ప్రాజెక్టులు, ఇంటర్నల్ పరీక్షల మార్కుల పట్టికలు, ప్రెస్సుకు పంపవలసిన కొన్ని తెలుగు, ఉర్దూ వ్యాసాలు అన్నీ దానిలోనే ఉన్నాయి. యంత్రం పాతది కావడం వలన మెల్లగా నడిచేది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి, ఉత్సాహవంతుడు, దానికొక తేలికైన కెర్నెల్ తయారుచేసి పెడతానని అనుమతి అడిగి, ఒక సాయంకాలం కూర్చుని ఆ పని ముగించాడు.

మరునాడు ఉదయం యంత్రం మునుపటికంటె త్వరగానే మేలుకొన్నది. లాగిన్ తెర వచ్చింది. పేరు ఎంచుకొని పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ అదే లాగిన్ తెర ఎదుట నిలిచింది. నేను ప్రయత్నించాను, అదే ఫలితం. మరో ఇద్దరు అధ్యాపకులు ప్రయత్నించారు, అదే ఫలితం. "వీడు పాస్‌వర్డులు మార్చివేశాడు" అన్నారొకరు. ఆ మాటను కాదనడానికి నా వద్ద ఆధారం లేదు, ఔననడానికీ లేదు. అయినా నేను మౌనంగా ఊరుకున్నాను. ఆ విద్యార్థి మాత్రం "సార్, పాత కెర్నెల్ ఇంకా లోపలే ఉన్నది, ఒక్కసారి దానితో తెరిచి చూడనీయండి" అని ప్రాధేయపడ్డాడు. అతనిని కీబోర్డు దగ్గరకు రానీయలేదు. సంజాయిషీ వ్రాసి ఇమ్మన్నారు.

ఆ తరువాత మేము చేసిన చికిత్స రోగాన్ని రెండింతలు చేసింది. ఆ కథ చివర చెబుతాను. అంతకుముందు అసలు లాగిన్ అనే ప్రక్రియ ఎట్లా జరుగుతుందో, కెర్నెల్ మార్పుకూ దానికీ ఉన్న సంబంధమేమిటో తెలియకపోతే ఆ కథ అర్థం కాదు. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను ఉచ్చారణ ననుసరించి తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టవలెను.

కెర్నెల్ అనగా నేమి?

ఇంగ్లీషులో కెర్నెల్ అంటే గింజ లోపలి పప్పు. ఉర్దూలో దీనికి సరిపోయే మాట 'మగ్జ్'. ఆ మాటకు గింజలోని పప్పు అనీ, మెదడు అనీ రెండర్థాలున్నాయి. ఇక్కడ రెండూ చక్కగా అతుకుతాయి. కంప్యూటరులోని జ్ఞాపకశక్తి, డిస్కు, కీబోర్డు, తెర, నెట్‌వర్కు మొదలైన సమస్త సామగ్రినీ తన అధీనంలో ఉంచుకొని, తక్కిన ప్రోగ్రాములు అడిగినప్పుడు మాత్రమే వాటిని అందించే మూల ప్రోగ్రాము కెర్నెల్. లినక్స్ కెర్నెల్‌ను ఫిన్లండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించాడు. దాని మూలపాఠం అందరికీ అందుబాటులో ఉన్నది. కనుక ఎవరైనా దానిని తెచ్చుకొని, తమ యంత్రానికి తగినట్లు ఎంపికలు చేసుకొని, కంపైల్ చేసుకొనవచ్చును.

ఆ ఎంపికలు పదివేలకు మించి ఉన్నాయి. 'మేక్ మెనూకాన్ఫిగ్' అనే ఆదేశం ఇస్తే అవి పట్టికలు పట్టికలుగా తెర మీదికి వస్తాయి. చాలా అంశాలకు ఎదురుగా మూడు జవాబులు సాధ్యం: కెర్నెల్‌లోనే కలిపివేయుము, విడిగా మాడ్యూల్‌గా ఉంచి అవసరమైనప్పుడు తెచ్చుకొనుము, అసలే వద్దు. లినక్స్‌ను పంపిణీ చేసే సంస్థలు ఎవరి ఇంట్లో ఏ యంత్రముంటుందో తెలియదు కనుక దాదాపు అన్నిటినీ మాడ్యూళ్ళుగా చేర్చి పంపుతాయి. సొంతంగా కంపైల్ చేసేవాడు తనకు అక్కరలేదనుకొన్న వాటిని తీసివేస్తాడు. చిక్కు అంతా ఆ 'అనుకొన్న' అనే మాటలోనే ఉన్నది.

పాస్‌వర్డ్ కెర్నెల్‌కు తెలియదు

ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి: లినక్స్‌లో పాస్‌వర్డ్‌ను సరిచూసేది కెర్నెల్ కాదు. పాస్‌వర్డ్ యొక్క మార్చబడిన రూపం 'ఈటీసీ' ఫోల్డరులోని 'షాడో' అనే ఫైలులో ఉంటుంది. మనం కొట్టిన దానిని అదే పద్ధతిలో మార్చి పోల్చి చూసే గణితమంతా కెర్నెల్ వెలుపల, 'క్రిప్ట్' అనే గ్రంథాలయం చేస్తుంది. కెర్నెల్ ఎన్నిసార్లు మార్చినా ఆ ఫైలులో ఒక్క అక్షరం మారదు. కాబట్టి కెర్నెల్ మార్చిన మరునాడు లాగిన్ కాకపోతే, పాస్‌వర్డ్‌ను అనుమానించడం చివరి పని కావాలి. మేము మొదటి పనిగా చేశాము.

మరి కెర్నెల్ పాత్ర ఎక్కడ? పరీక్ష రోజున విద్యార్థి హాలులోకి వెళ్ళే దారిని ఊహించుకొనండి. గేటు తెరవాలి. గుమాస్తా హాల్ టికెట్టు చూడాలి. హాజరు పట్టికలో సంతకం పెట్టించాలి. కేటాయించిన బల్ల చూపాలి. చేతికి ప్రశ్నపత్రం రావాలి. బల్ల విరిగిపోయి ఉంటే ఆ విద్యార్థిని బయటికి పంపుతారు. బయటనున్న తండ్రి "హాల్ టికెట్టులో ఏదో తప్పున్నది కాబోలు" అనుకొంటాడు. టికెట్టుకూ బల్లకూ సంబంధం లేదని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

లాగిన్ కూడ ఇటువంటి వరుసే. కెర్నెల్ లేచి మొదటి ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. నేటి అధికభాగం లినక్స్‌లలో అది 'సిస్టమ్‌డీ'. అది 'ఏగెట్టీ' అనే ప్రోగ్రామును ప్రతి కన్సోలు మీద కూర్చోబెడుతుంది. తెర మీద 'లాగిన్' అనే మాటను చూపి పేరు అడిగేది ఇదే. పేరు అందగానే ఇది 'లాగిన్' అనే మరొక ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. అది 'పామ్' అనే వ్యవస్థను పిలుస్తుంది. పామ్ పాస్‌వర్డ్‌ను సరిచూసి, ఖాతా గడువు చూసి, ఆ తరువాత 'సెషన్' అనే మూడవ మెట్టులో వరుసగా కొన్ని పనులు చేస్తుంది. అన్నీ నెరవేరితే లాగిన్ ప్రోగ్రాము తన సర్వాధికారాన్ని వదులుకొని, వచ్చినవాని గుర్తింపు సంఖ్యను ధరించి, అతని హోమ్ ఫోల్డరులోకి వెళ్ళి, షెల్‌ను ప్రారంభిస్తుంది. బొమ్మల తెర ఉన్నచోట లాగిన్ ప్రోగ్రాముకు బదులు 'జీడీఎమ్' వంటి మరొకటి ఉంటుంది; వరుస మాత్రం ఇంచుమించు ఇదే.

ఈ వరుసలో ప్రతి మెట్టూ కెర్నెల్‌ను ఏదో ఒకటి అడుగుతుంది. కీబోర్డును వినిపించమని ఒకటి, ఫైలు తెరవమని ఒకటి, గుర్తింపు సంఖ్య మార్చమని ఒకటి. అడిగిన సౌకర్యాన్ని మనం కంపైల్ చేసేటప్పుడు తీసివేసి ఉంటే కెర్నెల్ "లేదు" అంటుంది. ఆ ప్రోగ్రాము అక్కడ ఆగిపోతుంది. బయట కూర్చున్న మనకు కనబడేది మాత్రం ఒక్కటే: లోపలికి పోనివ్వలేదు. అందుచేత అడగవలసిన ప్రశ్న "పాస్‌వర్డ్ ఏమిటి?" అనేది కాదు, "వరుస ఏ మెట్టు దగ్గర తెగింది?" అనేది.

తెర ఏమి చెబుతున్నది?

మెట్టును గుర్తించడానికి తెర మీది లక్షణాలే మొదటి ఆధారం.

కొన్నిసార్లు యంత్రం లేస్తుంది కాని లాగిన్ అనే మాటే కనబడదు. ఇక్కడ పాస్‌వర్డ్ ప్రసక్తే లేదు. ఏగెట్టీ తన చోటికి చేరలేదన్నమాట. 2014 ప్రాంతంలో, సిస్టమ్‌డీ 210వ సంచిక తరువాత, చిన్న ఏఆర్ఎమ్ బోర్డులు వాడేవారు చాలామంది ఈ అవస్థకు లోనయ్యారు. సీరియల్ కన్సోలు మీద లాగిన్ కొరకు ఎదురుచూస్తే, ఆ పరికరం కొరకు వేచి వేచి గడువు ముగిసిందనే వాక్యం మాత్రమే వచ్చేది. పరికరం అక్కడే ఉన్నది. కెర్నెల్‌లో 'ఎఫ్‌హ్యాండిల్' అనే ఎంపిక లేకపోవడం వలన, ఏయే పరికరాలున్నవో కనిపెట్టి చెప్పవలసిన 'యూడెవ్' ఆ వార్తను చేరవేయలేకపోయింది. పేరు చూస్తే లాగిన్‌తో ఎట్టి బంధుత్వమూ లేని ఎంపిక అది. సీగ్రూప్స్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్, ఇనోటిఫై, సిగ్నల్‌ఎఫ్‌డీ, టైమర్‌ఎఫ్‌డీ, ఈపోల్ వంటివి కూడ ఇటువంటివే. సిస్టమ్‌డీతో వచ్చే రీడ్‌మీ పత్రంలో ఈ జాబితా అంతా ఉన్నది. కంపైల్ చేయబోయేవారు దానిని ఒకసారి చదువుకొని మొదలుపెట్టడం మంచిది.

ఇక్కడ 2019 సెప్టెంబరు నాటి ఒక ముచ్చట చెప్పుకోవాలి. లినక్స్ 5.3 విడుదలకు సిద్ధమవుతున్న దినాలవి. కెర్నెల్ పరీక్షకులలో ఒకరి యంత్రం మీద లాగిన్ తెర రాలేదు. కారణం వెదికితే చిత్రంగా తేలింది. డిస్కు మీది ఫైళ్ళను చదివే 'ఎక్స్ట్4' విభాగంలో ఒక మెరుగు చేశారు. దాని వలన డిస్కును పలకరించే సార్లు తగ్గాయి. లాగిన్ తెరను నడిపే ప్రోగ్రాముకు మొదట్లో కొన్ని యాదృచ్ఛిక సంఖ్యలు కావాలి. కెర్నెల్ ఆ సంఖ్యలను తయారుచేయడానికి అవసరమైన అనిశ్చితిని డిస్కు కదలికల వంటి వాటినుండి పోగుచేసుకొంటుంది. పలకరింపులు తగ్గాయి కనుక అనిశ్చితి చాలలేదు. ప్రోగ్రాము ఎదురుచూస్తూ కూర్చున్నది. డిస్కు వేగం పెరిగినందుకు తలుపు తెరుచుకోలేదు! టోర్వాల్డ్స్ ఆ మెరుగును 5.3లో వెనుకకు తీసుకొని, తరువాత 5.4లో కెర్నెల్ తనంతట తానే అనిశ్చితిని పుట్టించుకొనే ఏర్పాటు చేశాడు. మంచి ఉద్దేశంతో ఒకచోట చేసిన మార్పు ఎంత దూరాన పోయి తగులుతుందో ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండవ లక్షణం: లాగిన్ తెర వచ్చింది, కాని కీబోర్డు మీద ఎంత కొట్టినా అక్షరం పడదు. గ్రబ్ మెనూలో పనిచేసిన కీబోర్డే ఇక్కడ మూగబోతుంది. గ్రబ్ దశలో కీబోర్డును వినేది యంత్రంలోని మూల ఫర్మ్‌వేర్. కెర్నెల్ లేచిన తరువాత ఆ బాధ్యత కెర్నెల్‌ది. యూఎస్‌బీ కంట్రోలరు డ్రైవరు, దానిపైన 'హిడ్' డ్రైవరు, ఈ రెండూ ఉండి తీరాలి. 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అనే సులభ మార్గం వాడినవారు ఈ గోతిలో తరచు పడతారు. 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 నుండి అందుబాటులో ఉన్న ఈ ఆదేశం, ఆ క్షణంలో యంత్రంలో నడుస్తున్న మాడ్యూళ్ళు ఏవో చూసి, వాటిని మాత్రమే ఉంచి తక్కిన మాడ్యూళ్ళను తీసివేస్తుంది. ఆ క్షణాన యూఎస్‌బీ కీబోర్డు పెట్టి లేకపోతే? దూరాన్నుండి నెట్‌వర్కు ద్వారా పని చేస్తున్నారనుకోండి. కీబోర్డు డ్రైవరు పట్టికలో ఉండకపోవచ్చు. కనుక ఆ ఆదేశం ఇచ్చే ముందు కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవు, వాడబోయే ప్రతి పరికరాన్నీ ఒకసారి తగిలించి ఉంచవలెను.

మూడవ లక్షణం అన్నిటికంటె మోసకరమైనది. పాస్‌వర్డ్ తీసుకొంటుంది, తప్పు అనదు, క్షణంలో మళ్ళీ లాగిన్ దగ్గరకే తెచ్చి దించుతుంది. అనగా హాల్ టికెట్టు ఆమోదించారు. బల్ల దగ్గర వెనుకకు పంపారు. తెర డ్రైవరు లేకపోవడం ఒక కారణం. ఎన్‌విడియా వారి సొంత డ్రైవరును కొత్త కెర్నెల్ కొరకు మళ్ళీ నిర్మించకపోవడం దానిలో తరచు జరిగేది. హోమ్ ఫోల్డరు అందకపోవడం మరొకటి. హోమ్ వేరే డిస్కులో, వేరే ఫైల్ సిస్టమ్‌తో ఉండి, ఆ ఫైల్ సిస్టమ్‌ను కంపైల్ చేయకపోతే, వచ్చినవానికి ఇల్లు లేదు. కన్సోలులోనైతే లాగిన్ ప్రోగ్రాము ఆ సంగతి నోరు విప్పి చెప్పి, మూల ఫోల్డరులోకే రానిస్తుంది. బొమ్మల తెర అంత ఓపిక పట్టదు. మారు మాట లేకుండా వెనుకకు పంపుతుంది. అందువలన తెర ఇట్లా చక్రభ్రమణం చేస్తున్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 అనే మూడు కీలను కలిపి నొక్కి కన్సోలుకు వెళ్ళి అక్కడ లాగిన్ చేసి చూడాలి. 'రూట్' ఖాతాకు పాస్‌వర్డ్ ఉన్నట్లయితే దానితోనూ ప్రయత్నించాలి. రూట్ యొక్క ఇల్లు సాధారణంగా మూల డిస్కులోనే ఉంటుంది. రూట్‌కు తెరుచుకొని మిగతావారికి తెరుచుకోకపోతే సగం నిర్ధారణ అయిపోయినట్లే.

ఈ కోవలోనిదే పామ్ సెషన్ మెట్టు. 2012లో వచ్చిన 3.3 కెర్నెల్‌తో 'ఆడిట్ లాగిన్‌యూఐడీ ఇమ్మ్యూటబుల్' అనే ఎంపిక చేరింది. ఎవరు లాగిన్ అయ్యారో తెలిపే ముద్రను ఒకసారి వేసిన తరువాత చెరపరాదని దాని భావం. భద్రత దృష్ట్యా మంచిదే. కాని పాత పద్ధతి యంత్రాలలో, లాగిన్ అయి ఉన్న అధికారి 'ఎస్ఎస్‌హెచ్' సేవను చేతితో ఆపి మళ్ళీ ప్రారంభిస్తే, ఆ సేవ అధికారి ముద్రనే ధరించి లేచేది. ఇక దూరాన్నుండి వచ్చే ప్రతివారికీ కొత్త ముద్ర వేయబోతే కెర్నెల్ అంగీకరించదు. పామ్ పట్టికలో ఆ పంక్తి తప్పనిసరి అని ఉన్నందున సరైన పాస్‌వర్డ్ ఇచ్చినవారందరూ గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. తరువాతి కెర్నెల్‌లలో దీనిని కంపైల్ దశలోని ఎంపికగా తీసివేసి, నడుస్తున్నప్పుడు మార్చుకొనే లక్షణంగా చేశారు.

ఇక నాలుగవది, "లాగిన్ ఇన్‌కరెక్ట్" అని సూటిగా చెప్పడం. ఇక్కడ కూడ పాస్‌వర్డ్‌ను వెంటనే దోషిగా నిలబెట్టరాదు. కీబోర్డు భాష మారిపోయి ఉండవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్న కీబోర్డు మీద ఇంగ్లీషు పాస్‌వర్డ్ కొడితే చుక్కలు చుక్కలుగానే కనబడతాయి, అక్షరాలు మాత్రం వేరు. దీనిని పరీక్షించడానికి కొందరు పేరు అడిగేచోట పాస్‌వర్డ్‌ను కొట్టి చూస్తారు. ఆ అలవాటు మంచిది కాదు. విఫలమైన పేర్లు యంత్రం దినచర్యలో నమోదయ్యే అవకాశమున్నది. కోపంకొద్దీ పదిసార్లు కొట్టడం మరొక పొరపాటు. 'ఫెయిల్‌లాక్' అనే పామ్ భాగం ఉన్నచోట, వేరే విధంగా అమర్చకపోతే, మూడుసార్లు తప్పిన ఖాతా 10 నిమిషాలపాటు మూతపడుతుంది. ఆ వ్యవధిలో సరైన పాస్‌వర్డ్ కూడ చెల్లదు.

సరదాకు ఒక విపరీత ఉదాహరణ కూడ చెబుతాను. 2015లో వచ్చిన 4.1 కెర్నెల్ నుండి 'మల్టీయూజర్' అనే ఎంపిక ఉన్నది. నిపుణులకు మాత్రమే చూపే పట్టికలో కనబడుతుంది. దానిని తీసివేస్తే, వాడుకరులు వేరువేరు అనే భావనే కెర్నెల్‌లో ఉండదు. అందరూ రూటే, గుర్తింపు సంఖ్య మార్చమనే పిలుపే మాయమవుతుంది. ఒకే పని చేసే అతి చిన్న యంత్రాల కొరకు పెట్టిన సౌకర్యమది. కెర్నెల్ చిన్నదవుతుందని మన బల్ల మీది కంప్యూటరులో దానిని తీసివేస్తే, వచ్చినవాని గుర్తింపు ధరించవలసిన లాగిన్ ప్రోగ్రాము ఏమి చేయగలదు?

లోపలికి పోయే దారి

కారణం వెదకాలంటే ముందు లోపలికి పోవాలి. అందుకు రాజమార్గం పాత కెర్నెల్. కొత్తది పెట్టినంత మాత్రాన పాతది పోదు. 'బూట్' ఫోల్డరులో పక్కనే ఉంటుంది. యంత్రం లేచేటప్పుడు షిఫ్ట్ కాని ఎస్కేప్ కాని నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. దానిలోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నెల్‌ను ఎంచుకోవచ్చు. కొత్త కెర్నెల్ కనీసం ఒక వారం సవ్యంగా నడిచేవరకు పాతదానిని తొలగించరాదని నా అభిప్రాయం. డిస్కులో స్థలం లేదనే సాకు చెల్లదు.

పాతదానితో లోపలికి పోయిన తరువాత 'జర్నల్‌సీటీఎల్' ఆదేశాన్ని 'మైనస్ బి' తరువాత 'మైనస్ ఒకటి' చేర్చి ఇస్తే, విఫలమైన కిందటిసారి దినచర్య అంతా కనబడుతుంది. అయితే దినచర్యను డిస్కు మీద భద్రపరిచే ఏర్పాటు ముందే ఉండాలి. జ్ఞాపకంలోనే వ్రాసుకొనే యంత్రమైతే ఆ పుట చెరిగిపోయి ఉంటుంది. చాలాచోట్ల లాగిన్ విషయాలు వేరే ఫైలులో కూడ ఉంటాయి: డెబియన్ కుటుంబంలో 'ఆథ్ లాగ్', రెడ్‌హ్యాట్ కుటుంబంలో 'సెక్యూర్'. వాటిలో పామ్ పేరు వచ్చిన పంక్తులను చదివితే, పాస్‌వర్డ్ తరువాత ఆగిందో ముందే ఆగిందో తేటతెల్లమవుతుంది. ఆ పైన రెండు కెర్నెళ్ళ ఎంపికల పట్టికలను పోల్చాలి. కెర్నెల్ మూలపాఠంతోపాటే 'స్క్రిప్ట్స్' ఫోల్డరులో 'డిఫ్‌కాన్ఫిగ్' అనే చిన్న సాధనం వస్తుంది. ఏ ఎంపిక ఉన్నది, ఏది పోయింది, ఏది మారింది అనేది అది ఒక్కొక్క పంక్తిలో చూపుతుంది.

పాత కెర్నెల్ కూడ లేనివారికి కఠినమార్గం మిగిలి ఉన్నది. గ్రబ్‌లో 'ఇ' నొక్కి, కెర్నెల్ పంక్తి చివర 'ఇనిట్' సమానం 'బిన్ బ్యాష్' దారిని చేర్చితే, లాగిన్ వరుస నంతటినీ దాటవేసి నేరుగా రూట్ షెల్ వస్తుంది. పాస్‌వర్డ్ మరచినవారికి పుస్తకాలన్నీ చెప్పే ఉపాయం ఇదే. మేమూ ఇదే చేశాము.

రెండు దినాలు జరిగినది

మా యంత్రంలో ఉన్నది ఫెడోరా. ఆ షెల్‌లో కూర్చుని ఒక అధ్యాపకుని ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టాము. యంత్రాన్ని తిరిగి లేపాము. ఇప్పుడు తెర నల్లబడి తిరిగి రావడం లేదు. పాస్‌వర్డ్ తప్పని ముఖం మీదే చెబుతున్నది. మార్చిన ఖాతాకే కాదు, మార్చని ఖాతాలన్నిటికీ అదే జవాబు. గ్రబ్ మెనూ నుండి పాత కెర్నెల్‌ను ఎంచుకొంటే అక్కడా అదే. ఆ విద్యార్థి మీద అనుమానం బలపడింది. "ఎంత పకడ్బందీగా చేశాడో చూడండి" అన్నారు.

ఆ రాత్రి ఇంటికి పోయిన తరువాత ఒక సందేహం నన్ను నిద్రపోనివ్వలేదు. ఉదయం తప్పు అనని యంత్రం సాయంత్రం తప్పు అంటున్నది. మధ్యలో దానిని ముట్టుకొన్నది ఆ విద్యార్థి కాదు, మేము. పైగా ఒక్కరి పాస్‌వర్డ్ మార్చితే అందరికీ దారి మూసుకుపోవడమేమిటి? అందరి పాస్‌వర్డులూ ఉండేది ఒకే ఒక్క షాడో ఫైలులో.

ఫెడోరాలో 'ఎస్ఈలినక్స్' అనే భద్రతా వ్యవస్థ ఉన్నది. ప్రతి ఫైలుకూ ఒక చీటీ అంటించి ఉంటుంది. ఏ చీటీ ఉన్న ఫైలును ఏ ప్రోగ్రాము ముట్టవచ్చునో నియమావళి చెబుతుంది. ఆ నియమావళిని కెర్నెల్‌లోకి ఎక్కించేది సిస్టమ్‌డీ. మేము లాగిన్ వరుసను దాటవేసినప్పుడు సిస్టమ్‌డీని కూడ దాటవేశాము. 'పాస్‌డబ్ల్యుడీ' ఆదేశం షాడో ఫైలును దిద్దదు. కొత్త ప్రతి వ్రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. నియమావళి లేని సమయంలో పుట్టిన ఆ కొత్త ప్రతికి చీటీ అంటలేదు. మరుసటిసారి యంత్రం మామూలుగా లేచినప్పుడు లాగిన్ ప్రోగ్రాము ఆ ఫైలును చదవబోతే ఎస్ఈలినక్స్ అడ్డుపడింది. చదవలేని పట్టికతో ఎవరి పాస్‌వర్డ్ పోల్చినా సరిపోదు కదా.

మరునాడు ఆ విద్యార్థిని పిలిపించి, అతని పక్కన నేను కూర్చున్నాను. గ్రబ్‌లో పాత కెర్నెల్ పంక్తి చివర 'ఎన్‌ఫోర్సింగ్' సమానం 0 అని చేర్చి లేపాము. ఆ అమరికలో ఎస్ఈలినక్స్ తప్పును నమోదు చేస్తుంది కాని అడ్డగించదు. మొదటి ప్రయత్నంలోనే లాగిన్ అయినది. ఆడిట్ దినచర్యలో షాడో ఫైలు పేరుతో 'డినైడ్' అనే పంక్తులు బారులు తీరి ఉన్నాయి. 'రిస్టోర్‌కాన్' ఆదేశంతో ఆ ఫైలుకు దాని చీటీ తిరిగి అంటించాము. మూల ఫోల్డరులో 'చుక్క ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైలు పెట్టి యంత్రాన్ని తిరిగి లేపితే అన్ని ఫైళ్ళ చీటీలనూ అది తానే సరిచూసుకొంటుంది. సందేహ నివృత్తి కొరకు అదీ చేశాము. పాత కెర్నెల్ మామూలుగా నడిచింది. ఒక్క ఫైలూ పోలేదు.

ఇక మొదటి రోజు ఉదయపు రోగం మిగిలింది. దానిని కనుక్కొనడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. డిఫ్‌కాన్ఫిగ్ చూపిన పంక్తులలో ఒకటి 'ఎక్స్ఎఫ్ఎస్' అనే ఫైల్ సిస్టమ్‌ది. అతడు దానిని వద్దని గుర్తు పెట్టాడు. మూల డిస్కు ఎక్స్ట్4 కనుక ఎక్స్ఎఫ్ఎస్ ఎవరికి కావాలని అతని లెక్క. కాని కొన్నేళ్ళ కిందట స్థలం చాలక ఎవరో రెండవ డిస్కు అమర్చి, హోమ్‌ను దానిమీదికి మార్చినప్పుడు ఎక్స్ఎఫ్ఎస్ వాడారు. ఆ డిస్కు పాతది, ఒకనాడు మొరాయించినా యంత్రం లేవాలనే ముందుజాగ్రత్తతో డిస్కుల పట్టికలో 'నోఫెయిల్' అని కూడ వ్రాసిపెట్టారు. అందువలన హోమ్ అందకపోయినా యంత్రం ఏ ఫిర్యాదూ చేయక లేచి, అందరినీ గుమ్మం దాకా రానిచ్చి వెనుకకు పంపింది. ఆ మొదటి ఉదయం రూట్ ఖాతాతో కన్సోలులో ప్రయత్నించి ఉంటే వెంటనే తెరుచుకొనేది. అతడు బతిమాలినట్లు పాత కెర్నెల్‌ను ఎంచుకొని ఉంటే అందరికీ తెరుచుకొనేది.

సంజాయిషీ కాగితాన్ని అతనికి తిరిగి ఇచ్చివేశారు. నేను విడిగా క్షమాపణ చెప్పుకొన్నాను. "ఫరవాలేదు సార్, ఎక్స్ఎఫ్ఎస్ చూసుకోకపోవడం నా పొరపాటే" అన్నాడు. ఆ వారంలోనే ఎక్స్ఎఫ్ఎస్‌ను చేర్చి మళ్ళీ కంపైల్ చేశాడు. ఈసారి పాత కెర్నెల్ పేరు, గ్రబ్‌లో దానిని ఎంచుకొనే విధానం ఒక కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి యంత్రం పక్క గోడకు అంటించి వెళ్ళాడు. అది ఇప్పటికీ అక్కడే ఉన్నది.